మాత్ర మరవకపోయినా గర్భం ఎందుకు వస్తుంది?



బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కావాలనుకునే భార్యాభర్తలకు మాలా-ఎన్ మాత్ర మంచి సాధనం. రోజుకొకటి చొప్పున, వేళ తప్పకుండా వేసుకునేవారికి అది సాధారణంగా మోసం చెయ్యదు. కాని కొన్ని ఇళ్ళల్లో ఒక చిక్కు వస్తూ వుంటుంది. ఇల్లాలు ఒక్క మాత్ర కూడా మరవదు. అట్ట మీద లెక్క సరిగ్గానే వుంటుంది. అయినా నెల తప్పుతుంది. "నువ్వు సరిగ్గా మింగి వుండవులే" అంటుంది అత్తగారు. "సర్కారు మాత్రల్లో మందే వుండదు" అంటారు ఇరుగు పొరుగు. భర్త మనసులో లేనిపోని అనుమానం పుడుతుంది.

ఇటువంటి సమయంలో ఆమెను నిందించేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఈ మధ్య ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" ముఖ్యంగా క్షయకు, అంటే టీబీకి మందులు వాడుతున్నదేమో, ఫిట్స్‌కు మందులు వాడుతున్నదేమో తెలుసుకోవాలి. ఈ మందులు కాలేయంలో వుండే ఒక ఎంజైమును పెంచుతాయి. ఆ ఎంజైము మాలా-ఎన్ మాత్రలోని మందును వేగంగా మార్చి బయటికి పంపేస్తుంది. మాత్ర మింగినా, మింగిన ఫలం దక్కదు. ఇది ఎలా జరుగుతుందో, దీనికి విరుగుడు ఏమిటో ఈ కరపత్రంలో వివరిస్తున్నాం.

మాత్రలో ఏముంది?

మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలు వుంటాయి. వాటిలో 21 గర్భం రాకుండా ఆపేవి. మిగిలిన 7 రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్రలు. గర్భాన్ని ఆపే ఒక్కొక్క మాత్రలో రెండు మందులు వున్నాయి. లెవోనార్‌జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు.

ఇది ఎంత తక్కువో చూడండి. ఒక్క గ్రాము ఎథినైల్ ఈస్ట్రడయాల్‌తో 33 వేలకు పైగా మాత్రలు చెయ్యవచ్చు. ఇంత కొద్ది మందే రక్తంలో కలిసి, అండాశయం నుండి అండం విడుదల కాకుండా ఆపుతుంది. అండం లేకపోతే గర్భం లేదు.

ఈ రెండు మందులూ స్టెరాయిడ్లు అనే జాతికి చెందినవి. స్టెరాయిడ్ అనగానే భయపడవద్దు. నాలుగు ఉంగరాలు ఒకదానికొకటి అతికించినట్టుగా వుండే రసాయన పదార్థాలన్నిటికీ అది ఇంటిపేరు. ఆడవారిని ఆడవారిగా, మగవారిని మగవారిగా పెంచే హార్మోన్లు కూడా స్టెరాయిడ్లే. అవి మన ఒంట్లోనే తయారవుతాయి.

ఎంజైము అంటే ఏమిటి?

అన్నం ముద్దను కూర లేకుండా, మింగకుండా కాసేపు నమలండి. మెల్లగా తియ్యబడుతుంది. చక్కెర ఎవరూ కలపలేదు. లాలాజలంలో వుండే ఒక ఎంజైము అన్నంలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చింది. ఇలా ఒక పదార్థాన్ని ఇంకొక పదార్థంగా త్వరగా మార్చి, తాను మాత్రం ఖర్చు కాకుండా మిగిలే ప్రోటీనునే ఎంజైము అంటారు.

వంకాయ కోసి గాలికి వదిలితే నల్లబడుతుంది కదా. అది కూడా ఎంజైము పనే. గాలిలోని ఆక్సిజన్‌ను వంకాయలోని పదార్థాలతో కలిపి అది రంగు మారుస్తుంది. ఇటువంటి మార్పును ఆక్సీకరణం అంటారు. అందుకే మన ఆడవాళ్ళు ముక్కల్ని వెంటనే ఉప్పు నీళ్ళలో వేస్తారు.

మన ఒంట్లో కూడా స్టెరాయిడ్లను ఆక్సీకరణం చేసే ఎంజైములు వున్నాయి. హార్మోను తన పని చేశాక ఒంట్లో పేరుకుపోకూడదు. దాన్ని మార్చి, మూత్రంలోనూ మలంలోనూ బయటికి పంపాలి. ఈ పని ఎక్కువగా జరిగే చోటు కాలేయం. మేకలోనూ కోడిలోనూ కార్జం అంటామే, అదే మనిషికి కాలేయం.

కాలేయం మాత్రను ఏం చేస్తుంది?

మనం మింగిన మందు పేగు గోడలో నుండి రక్తంలోకి వెళ్ళి, ఒళ్ళంతా తిరగకముందే కాలేయం గుండా పోవాలి. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు దాటితేగాని సరుకు బజారుకు చేరనట్టు. స్త్రీ ఒంట్లో సహజంగా పుట్టే ఈస్ట్రడయాల్ హార్మోనునే మాత్రగా ఇస్తే, పేగులోనూ కాలేయంలోనూ వున్న ఒక ఎంజైము దాన్ని ఈస్ట్రోన్ అనే బలహీనమైన హార్మోనుగా చాలా వరకు మార్చేస్తుంది. 1938లో జర్మనీలో ఇన్‌హోఫెన్, హోల్‌వెగ్ అనే శాస్త్రజ్ఞులు ఈ చిక్కుకు ఉపాయం కనిపెట్టారు. ఆ ఎంజైము పట్టుకునే చోటనే ఎథినైల్ అనే చిన్న ముక్కను అతికించారు. దానితో ఆ ఎంజైముకు పట్టు చిక్కలేదు. అలా పుట్టినదే ఎథినైల్ ఈస్ట్రడయాల్. గర్భనిరోధక మాత్ర నోటితో మింగడానికి వీలైంది ఇటువంటి మార్పుల వల్లనే.

అయితే కాలేయంలో ఇంకొక ఎంజైముల కుటుంబం వుంది. దాని పేరు సైటోక్రోమ్ పి-450. 1962లో జపాను శాస్త్రజ్ఞులు ఒమురా, సాటో ఈ పేరు పెట్టారు. ఈ కుటుంబంలో 3ఎ4 అనే ఎంజైము చాలా ముఖ్యమైనది. మనం వాడే మందుల్లో ఎన్నిటినో ఆక్సీకరణం చేసేది అదే. ఎథినైల్ ఈస్ట్రడయాల్‌ను కూడా అది వేరొక చోట పట్టుకుని ఆక్సిజన్‌ను తగిలిస్తుంది. ఆక్సిజన్ తగిలిన మందు నీటిలో సులువుగా కరిగి, మెల్లమెల్లగా బయటికి పోతుంది. రోజూ ఒక మాత్ర వేసుకొమ్మని చెప్పేది అందుకే. నిన్నటి మందు తరుగుతూ వుంటే, ఇవాళ్టి మాత్ర ఆ తరుగును పూడుస్తుంది.

చెరువుతో పోల్చి చూడండి. రోజూ కాలువ ద్వారా కొంత నీరు వస్తుంది. తూము ద్వారా కొంత పోతుంది. రాకా పోకా సరిపోయినంత కాలం చెరువు మట్టం నిలుస్తుంది, పొలం తడుస్తుంది.

టీబీ మందు వచ్చి చేరితే

టీబీ చికిత్సలో ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. 1960ల చివర్లో ఇది వాడుకలోకి వచ్చింది. టీబీని ఆరు నెలల్లో నయం చెయ్యగలుగుతున్నామంటే ఈ మందు చలవే. దీని మంచిని తక్కువ చెయ్యడానికి వీల్లేదు.

కాని 1971లో జర్మనీ డాక్టర్లు ఒక విషయం గమనించారు. రిఫాంపిసిన్‌తో పాటు గర్భనిరోధక మాత్రలు వాడుతున్న స్త్రీలలో చాలా మందికి నెల మధ్యలో రక్తం కనబడుతున్నది. తరువాత కొందరు గర్భవతులైనట్టు కూడా తేలింది. మాత్రలు మింగుతూనే గర్భం వచ్చింది! కారణం వెతికితే కాలేయం దగ్గర దొరికింది.

రిఫాంపిసిన్ కాలేయ కణాల్లోకి వెళ్ళి అక్కడ కావలి కాసే ఒక ప్రోటీనును తట్టి లేపుతుంది. ఈ ప్రోటీనును శాస్త్రజ్ఞులు 1998లో గుర్తించారు. ఏదో కొత్త పదార్థం వచ్చింది, దాన్ని బయటికి పంపడానికి పనివాళ్ళు ఎక్కువ మంది కావాలి అన్నట్టుగా అది కబురు పెడుతుంది. కణం 3ఎ4 ఎంజైమును ఇంకా ఇంకా తయారు చేస్తుంది. పేగు గోడలో కూడా ఇదే జరుగుతుంది. పెరిగిన ఎంజైము ఎదురుగా వచ్చిన మాలా-ఎన్ మందును కూడా మామూలు కన్నా వేగంగా ఆక్సీకరణం చేసి పంపేస్తుంది. రక్తంలో ఎథినైల్ ఈస్ట్రడయాల్ దాదాపు సగానికి, ఒక్కొక్కరిలో అంతకన్నా కిందికి పడిపోతుంది. లెవోనార్‌జెస్ట్రెల్ కూడా తగ్గుతుంది.

చెరువులోకి వచ్చే నీరు అంతే. తూము మాత్రం వెడల్పయింది. మట్టం పడిపోయింది, చివరి పొలం ఎండింది. మాత్రలో మందు ముందే తక్కువ గనుక, ఈ తరుగుదలను అది తట్టుకోలేదు. అండం విడుదల కావచ్చు, గర్భం రావచ్చు.

ఈ మార్పు మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆరంభమై, సుమారు రెండు వారాల్లో పూర్తి బలానికి వస్తుంది. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా పెరిగిన ఎంజైము ఆ రోజే తగ్గిపోదు. మామూలు స్థితికి రావడానికి నాలుగు వారాల దాకా గడువు ఇవ్వాలి.

మీరు వాడేది ఆ మందేనా?

టీబీ మాత్రల మీద రిఫాంపిసిన్ అని విడిగా వుండకపోవచ్చు. ఇప్పుడు నాలుగు మందులు కలిపి ఒకే మాత్రగా, రెండు నెలల తరువాత మూడు మందులు కలిపిన మాత్రగా ఇస్తున్నారు. రెండింటిలోనూ రిఫాంపిసిన్ వుంటుంది. చదువు రానివారు కూడా గుర్తుపట్టే ఆనవాలు ఒకటుంది. ఈ మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులోనో, ఎర్రగానో వస్తుంది. దానివల్ల హాని లేదు, అది మందు రంగే.

ఇంట్లో ఒకరికి టీబీ వుంటే, జబ్బు లేని తక్కినవారికి కూడా ముందు జాగ్రత్తగా మాత్రలు ఇస్తున్నారు. వాటిలో వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు ఇచ్చే చికిత్స ఒకటి. అందులో వుండే రిఫాపెంటిన్ కూడా రిఫాంపిసిన్ వంటిదే, ఎంజైమును పెంచుతుంది. "నాకు జబ్బు లేదు గదా" అని ఊరుకోకూడదు.

మూర్ఛకు, అంటే ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపిన్ కూడా ఇదే పని చేస్తాయి. ఇవి ఏళ్ళ తరబడి వాడే మందులు గనుక, ఆ స్త్రీలు మాలా-ఎన్ మీద ఆధారపడకుండా మొదటి నుంచే వేరే పద్ధతి ఎంచుకోవడం మంచిది.

ఏం చెయ్యాలి?

మొట్టమొదటి మాట: టీబీ మందు గాని, ఫిట్స్ మందు గాని ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దు. టీబీ మందు మధ్యలో మానితే జబ్బు ముదురుతుంది, మందులకు లొంగని టీబీగా మారవచ్చు. మార్చవలసింది గర్భనిరోధక పద్ధతిని, టీబీ మందును కాదు.

మార్చుకోవడానికి దారులు ఇవి:

కాపర్-టి. ఇందులో హార్మోను లేదు, రాగి తీగే పని చేస్తుంది. కాలేయం దాన్ని ఏమీ చెయ్యలేదు. 380-ఎ రకం 10 ఏళ్ళు, 375 రకం 5 ఏళ్ళు పనిచేస్తుంది. అయితే గర్భసంచికి గాని, పొత్తికడుపులోని అవయవాలకు గాని టీబీ సోకినవారికి కాపర్-టి వెయ్యరు.

అంతరా ఇంజెక్షన్. మూడు నెలలకు ఒకసారి వేస్తారు. ఇదీ హార్మోనే గాని, రిఫాంపిసిన్ వాడుతున్నా దీని గుణం తగ్గదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బహిష్టులు సరిగ్గా రాకపోవడం దీనితో మామూలే.

నిరోధ్. టీబీ చికిత్స ఆరు నెలలు, ఆపైన నాలుగు వారాలు, మొత్తం ఏడు నెలలు భర్త నిరోధ్ వాడితే ఏ మందుతోనూ తగవు లేదు. ప్రతిసారీ వాడాలి. భార్య జబ్బుతో బాధపడుతున్నప్పుడు ఈ బాధ్యత భర్త తీసుకోవడం న్యాయం.

ఇక పిల్లలు చాలు అనుకున్న దంపతులకు శాశ్వత పద్ధతి వుంది. కోతా కుట్టూ లేని వేసెక్టమీ మగవారికి కొద్ది నిమిషాల పని. భార్యకు ఆపరేషన్ చెయ్యించాలనుకుంటే టీబీ విషయం డాక్టరుకు చెప్పి, ఎప్పుడు మంచిదో అడగండి.

వారానికొకసారి మింగే ఛాయా మాత్రలో స్టెరాయిడ్ లేదు. అయినా టీబీ వున్నవారికి దాన్ని ఇవ్వరు. పక్కింటామె వాడుతున్నది కదా అని తెచ్చుకోవద్దు.

మీరు అడిగే ప్రశ్నలు

"రోజుకు రెండు మాత్రలు మింగితే సరిపోదా నర్సమ్మా?"

వద్దమ్మా. ఎవరి కాలేయంలో ఎంజైము ఎంత పెరిగిందో పైకి తెలియదు. సొంతంగా మోతాదు పెంచుకోకూడదు. పద్ధతి మార్చుకోవడమే క్షేమం.

"టీబీ నాకు కాదు, మా ఆయనకు. అప్పుడు కూడా నా మాత్ర చెడుతుందా?"

చెడదు. ఆయన మింగిన మందు ఆయన కాలేయంలోనే పని చేస్తుంది. అయితే ముందు జాగ్రత్తగా నీకు కూడా టీబీ మాత్రలు ఇచ్చివుంటే, వాటి సంగతి మాకు చెప్పు.

"జ్వరానికీ, పుండ్లకూ మాత్రలు వేసుకుంటే?"

పారాసిటమాల్, అమాక్సిసిలిన్ వంటి మామూలు మందులు ఈ ఎంజైమును పెంచవు. మాలా-ఎన్ ఆపనక్కరలేదు. వాంతులూ విరేచనాలూ ఎక్కువగా వుంటే మాత్రం మందు ఒంటికి పట్టదు. తగ్గేదాకా, తగ్గిన తరువాత ఒక వారం దాకా నిరోధ్ కూడా వాడండి.

"మధ్యలో కొంచెం రక్తం కనబడుతున్నది. దాని అర్థమేమిటి?"

మాత్ర మొదలుపెట్టిన మొదటి నెలల్లో ఇది చాలా మందికి వుంటుంది. ఎప్పటినుంచో వాడుతున్నామెకు టీబీ మందు మొదలుపెట్టాక కనబడితే మాత్రం మాత్ర బలం తగ్గిందనడానికి అది గుర్తు కావచ్చు. రక్తం కనబడకపోయినంత మాత్రాన బలం తగ్గలేదని అనుకోవద్దు.

"ఒకసారి జాగ్రత్త తీసుకోలేదు. అత్యవసర మాత్ర వేసుకోవచ్చునా?"

ఆ మాత్రలో వున్నదీ లెవోనార్‌జెస్ట్రెలే. రిఫాంపిసిన్ వాడేవారిలో దాని గుణం కూడా తగ్గుతుంది. అయిదు రోజుల లోపల ఆరోగ్య కేంద్రానికి వస్తే కాపర్-టి వేసి గర్భం రాకుండా ఆపవచ్చు. ఆలస్యం చెయ్యకుండా రండి.

"నెల తప్పింది. ఇప్పుడేం చెయ్యాలి?"

భయపడవద్దు. మాలా-ఎన్ ఆపి పరీక్ష చేయించుకో. టీబీ మందు మాత్రం ఆపవద్దు. రిఫాంపిసిన్ వున్న ఈ చికిత్సను గర్భవతులకు కూడా ఇస్తారు. తెలియక కొన్నాళ్ళు మింగిన మాలా-ఎన్ వల్ల బిడ్డకు హాని కలగదు. బిడ్డను కనాలో వద్దో భార్యాభర్తలు ఆలోచించుకోండి. వద్దనుకుంటే, 1971 చట్టం ప్రకారం, 2021లో దాన్ని సవరించిన తరువాత, గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల లోపల అర్హత గల డాక్టరు దగ్గర తీయించుకోవచ్చు. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు. నాటు మందుల జోలికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

దాచితే నష్టం ఎవరికి?

టీబీ వుందని తెలిస్తే ఊళ్ళో ఏమనుకుంటారోనని దాచేవారున్నారు. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నట్టు అత్తవారింట్లో తెలియకూడదని దాచేవారూ వున్నారు. టీబీ మందు ఇచ్చే కార్యకర్తకు మాలా-ఎన్ సంగతి తెలియదు. మాలా-ఎన్ ఇచ్చే ఏ.ఎన్.ఎం.కు టీబీ సంగతి తెలియదు. రెండు మందులూ ఎదురుపడే చోటు ఆ ఇల్లాలి కాలేయం ఒక్కటే. అక్కడ నోరు లేదు, చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి నోరు వున్న మీరే చెప్పాలి. మీ మాట ఆరోగ్య కేంద్రం దాటి బయటికి పోకుండా చూడటం మా విధి.

భర్తలకు ఒక మనవి. మీ భార్య మాత్రలు వాడుతూనే గర్భవతి అయితే ఆమె మీద అనుమానపడవద్దు, కోప్పడవద్దు. ఆమె వాడే మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని, ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి.

గుర్తుంచుకోండి

రిఫాంపిసిన్ వాడినన్నాళ్ళూ, ఆపిన తరువాత నాలుగు వారాలూ మాలా-ఎన్‌ను నమ్ముకోవద్దు.

టీబీ మందు ఒక్క రోజు కూడా మానవద్దు.

కాపర్-టి, అంతరా, నిరోధ్, వీటిలో మీకు తగినది ఎంచుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.

మాత్ర ఇచ్చేవారికి టీబీ మందు సంగతి, టీబీ మందు ఇచ్చేవారికి మాత్ర సంగతి తప్పక చెప్పండి.

జబ్బు నయమై, ఒంటికి బలం వచ్చి, ఇద్దరూ కావాలనుకున్నప్పుడే బిడ్డ పుట్టాలి. అదే తల్లికి క్షేమం, బిడ్డకు క్షేమం, ఇంటికి క్షేమం.